ఖాలా పెట్టిన పరీక్ష

మా ఎదురింటి ఖాలా పోయిన నెలలో కన్నుమూసింది. ఆమె కోడలు తెల్లవారుతుండగా తలుపు తట్టి చెప్పింది. హిందువులమైనా మా వీధిలో అందరం, పిన్ని అన్నట్టు, ఆమెను ఖాలా అనే పిలిచేవాళ్లం. నరసరావుపేటలో ఎంతమంది ఆడవాళ్లకో కంప్యూటర్ ఎంబ్రాయిడరీ నేర్పిన ఆమె, తాను ఆ మిషన్ ముందు మొదటిసారి కూర్చున్నది యాభై దాటాకే.

నాది మగ్గం పని. జాకెట్లకు చేత్తో పూసలు, జరీ కుట్టి ఇద్దరు ఆడపిల్లలను చదివించుకుంటున్నాను. నకరికల్లు నుంచి కూడా పెళ్లి జాకెట్లు వచ్చేవి. మిషన్లు వచ్చాక తగ్గిపోయాయి. పిల్లల చదువు ఆగిపోతుందేమోనని ఒకటే భయం. ఒక కంప్యూటర్ ఎంబ్రాయిడరీ శిక్షణ కేంద్రంలో చేరి, ప్రశ్నలకు టిక్కులు కొట్టి సర్టిఫికెట్ తెచ్చుకున్నాను గానీ, మిషన్ స్విచ్ వేయడానికి కూడా ధైర్యం చాలేది కాదు.

ఖాలా ఆ సర్టిఫికెట్ చూసి, "బాగుందే. దండేసి గోడకు తగిలించుకో. రేపు నా షాపుకు రా" అంది.

ఆమె దగ్గర నేర్చుకోవడం తేలికే. వచ్చిందని ఆమె చేత అనిపించుకోవడమే కష్టం. ఒకరోజు స్టూలు మీద కూర్చుని, రెండు చేతులూ కొంగు కింద దాచుకుని, "నాకేం రాదు. నువ్వే నేర్పు. ముందు చేసేది ఏందే?" అంది. నేను చెప్పినప్పుడే చేతులు బయటికి తీసి, ఎంత చెబితే అంతే చేసింది. ఫ్రేములో బట్టను లాగి బిగించమనడం నేను మరిచిపోయాను. వదులుగానే పెట్టి నడిపింది. మిషన్ కుట్టిన నెమలి మెడంతా ముడతలు పడింది.

"నీ నెమలి నాకంటే ముసల్ది అయిందే!" అని పగలబడి నవ్వింది. నాకు ఏడుపొచ్చింది.

"ఏడవమాక. నీకు చానా వచ్చు. ఎంత వచ్చో ఇంకోళ్లకు చెప్పేటప్పుడు తెలిసిద్ది."

మళ్లీ మళ్లీ చెప్పించింది. నెమలి నున్నగా వచ్చిన రోజు కొంగు కింద నుంచి చేతులు తీసి, నా చెంపలు నిమిరి మెటికలు విరిచింది. అప్పటి నుంచి ఆ షాపులోనే నాకు పని. పిల్లల చదువు ఆగలేదు.

ఆమె పోయాక మిషన్ అమ్మేద్దామన్నాడు కొడుకు. కోడలు ఒప్పుకోలేదు. "నేను నడుపుతా. నేర్పక్కా" అని నా దగ్గరకు వచ్చింది.

నిన్న, "నాకు వచ్చేసిందక్కా" అంది. నేను స్టూలు మీద కూర్చున్నాను. చేతులు వాటంతటవే కొంగు కిందకు పోయాయి.

"నాకేం రాదమ్మా. చెప్పు."

ఆమె నా కొంగు వంక చూసి కళ్లు తుడుచుకుంది. "ముందు బట్టను గట్టిగా లాగి బిగించక్కా" అంది.

బిగించి మిషన్ ఆన్ చేశాను. నెమలి మెడ నున్నగా వంపు తిరుగుతుంటే, చేతులు మళ్లీ కొంగు కింద దాచుకుని చూస్తూ కూర్చున్నాను.