మల్లేశం సారు ఎడమచేతి పిచ్చి

గుండ్లపోచంపల్లిలో మల్లేశం సారుకి ఉన్న పిచ్చి ఒక్కటే: ఎడమచెయ్యి. పుట్టుకతో వచ్చింది కాదు. లేఅవుట్‌లో ప్లాట్లన్నీ అమ్మి, మూల ప్లాటు మాత్రం ఉంచుకుని, సిమెంటు కోర్టు వేయించి ఆడపిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పే పెద్దమనిషి. జిల్లా లీగు సెలక్షన్లకు నెలరోజులుందనగా ఆ పిచ్చి ఉన్నట్టుండి పట్టుకుంది.

"ఇయ్యాల్టి సంది కుడిచెయ్యి బంద్! డ్రిబ్లింగ్ ఎడమ, పాస్ ఎడమ, బుట్టల ఏసుడు ఎడమ. పండ్లు తోముకునుడు గూడ ఎడమే!"

"అన్నం, సార్?" అంది సృజన.

"అన్నం కుడితోనే తిను తల్లీ. లేకుంటే మీ అవ్వ నన్ను ఊర్ల ఉండనియ్యది."

సారు చెప్పింది తానూ చేసేవాడు. ఎడమచేత్తో చాయ్ తాగి చొక్కా తడుపుకునేవాడు. ఎడమచేత్తో గడ్డం గీసుకుని చెంపకు పట్టీతో వచ్చేవాడు.

పిల్లలంతా సారును తిట్టుకున్నారు, హర్షిత తప్ప. ఆమెకు పోయిన ప్రాణం లేచొచ్చింది. నిరుడు సరిగ్గా సెలక్షన్ల ముందురోజు సైకిలు మీంచి పడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టుతో ఇనుప జాలీ అవతల నిలబడి, తోటివాళ్లు నీలం జెర్సీలు అందుకోవడం చూసింది. అప్పట్నుంచి ఆ జెర్సీ మీద ఎంత ఆశంటే, కంచం ముందు కూర్చున్నా అదే, బస్సు కిటికీలోంచి చూసినా అదే. కట్టు విప్పాక కూడా బంతి విసిరితే చెయ్యి సలిపేది. చెబితే ఈసారీ పంపరేమోనని కిక్కురుమనలేదు.

ఓ శనివారం కాలనీ గుళ్లో, అలవాటైపోయి, తీర్థానికి ఎడమచెయ్యి చాపింది. పంతులుగారి ఉద్ధరిణ గాల్లో ఆగిపోయింది.

"ఓరి దేవుడా! ఎడంచేత్తో తీర్థమేంటే? పరువు తీశావు కదే!" అని వాళ్లమ్మ శోభారాణి తిన్నగా కోర్టుకే వచ్చింది. "ఏమండీ మాస్టారూ, ఆట నేర్పమంటే ఆచారం మరిపిస్తారా?"

"గుస్సా గాకుండ్రమ్మా, చాయ్ తాగుండ్రి" అంటూ సారు ఎడమచేత్తోనే గ్లాసు అందించాడు.

మేడ్చల్‌లో సెలక్షన్లు జరిగాయి. కుడిచేతి వంతులో హర్షిత తడబడింది. ఇంతలో "ఇప్పుడు ఎడమచేత్తో" అన్నారు. చాలామంది బంతిని కాళ్లమీద పడేసుకున్నారు. హర్షిత మాత్రం ఒక్కటీ తప్పకుండా ఐదు బంతులూ బుట్టలో వేసింది. జాబితాలో అట్టడుగున ఆమె పేరు చదివారు. ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి.

సారు పక్కకు పిలిచాడు. "ఇగ మీ అమ్మకు చెప్పి, రేపే డాక్టరుకు చెయ్యి చూపిచ్చుకో."

హర్షిత గతుక్కుమంది. "మీకెలా తెలుసు సార్?"

"నీళ్ల సీసా మూత రోజు సృజనతోని తీపిస్తవు. నాకు కండ్లు లెవ్వా? నీ కుడిచేతికి రెస్టు గావాలె, నీకేమో ఆట గావాలె. ఏం జేస్త మరి?"

"నన్నొక్కదాన్నే ఎడమచేత్తో ఆడమంటే సరిపోయేది కదా. పాపం, అందరినీ..."

"నువ్వొక్కదానివే ఆడితే అందరు నీ చెయ్యి దిక్కే సూస్తరు. అందరు ఆడితే సారుకు పిచ్చి లేసిందంటరు. అననియ్. జల్దీ పో, జెర్సీలు ఇస్తున్నరు."

హర్షిత ఒక్క ఉరుకున వెళ్లి వరసలో నిలబడింది.