వద్దనని అత్త

భర్త పోయాక రత్నమణి రాజంపేట దగ్గరి పల్లెలో అత్త దేవకరుణమ్మతోనే ఉండిపోయింది. పంతులమ్మ కావాలని 1955లో, ముప్పై ఏళ్ల వయసులో, ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్షకు చదవసాగింది.

ఒక సాయంత్రం ఇద్దరూ వేరుశనగకాయలు ఒలుస్తుండగా రత్నమణి ఒక ఇంగ్లీషు వాక్యాన్ని పైకి వల్లించింది.

"ఏమంటాండావమ్మా?" అని అత్త అడిగింది.

"ఫర్బిడ్ అనే మాట అత్తా. వద్దని ఆపడం. అదే అర్థముండే ప్రొహిబిట్ వెనక ఫ్రమ్ వస్తాది, దీని వెనక టు రావాల. 'మై మదరిన్‌లా ఫర్బేడ్ మీ టు స్టడీ' అని రాసినా. మా అత్త నన్ను చదవొద్దనింది అని."

దేవకరుణమ్మ చేతులు ఆగిపోయాయి. "నేనెప్పుడు వద్దంటినమ్మా?"

రత్నమణి నాలుక కరుచుకుంది. "ఉత్త వాక్యమే అత్తా, ఆ మాట వాడేది నేర్చుకునేదానికి."

"ఉత్తదైనా సరే. వద్దనలేదని రాయి."

రత్నమణి నవ్వుతూ దిద్దింది. డిడ్ నాట్ చేరేసరికి ఫర్బేడ్ మళ్లీ ఫర్బిడ్ అయింది. అత్త ఆ వాక్యాన్ని ఇంకోసారి చదివించుకుని విన్నది.

రత్నమణి పరీక్ష గట్టెక్కింది. టీచరు ట్రైనింగుకు కడప బయలుదేరిన రోజు దేవకరుణమ్మే ఆమెకు తల దువ్వి, బస్సు దాకా పెట్టె మోసింది.