అచ్చిబాబు కాలికి మామిడి మందు

కడియం నర్సరీల్లో అచ్చిబాబు కట్టిన అంటు చచ్చిందన్న మాట ఎవరూ వినలేదు. ముప్పై ఏళ్ళుగా మామిడికీ సపోటాకీ వైద్యం చేస్తున్న మనిషి. అందుకే కుడి పిక్క మీద పొక్కు లేచి, పగిలి, పుండైనప్పుడు ఇంకొకరిని అడగాల్సిన అవసరం ఆయనకు కనిపించలేదు.

మాను కుళ్ళితే చేసే పని ఒకటే. కుళ్ళినంత మేరా చెక్కేసి, మైలుతుత్తం, సున్నం కలిపిన నీలం ముద్ద పూయాలి. ఆయన అదే చేశాడు. మనిషి ఒళ్ళు కాబట్టి, మర్యాదకి కత్తిని వేడినీళ్ళలో ముంచాడు. రూపాయి బిళ్ళంత పుండు వారానికల్లా అరచేతంత అయింది. లోతు చాల్లేదనుకుని మళ్ళీ గీకాడు.

"కాలికి ఆ నీలమేంటండీ?" అంది భార్య వెంకటదుర్గ.

"షెడ్డు తలుపుకి రంగేశాను."

"మన షెడ్డుకి తలుపెక్కడ ఏడిసింది?"

మర్నాడే ఆటో ఎక్కించి రాజమండ్రి తీసుకెళ్ళింది. పెద్దాసుపత్రిలో చర్మం డాక్టరు శ్రీసత్య పుండు వంక చాలాసేపు చూసింది.

"ఇదేం మందండీ?"

"మామిడికి పూసేదండి."

"మామిడికి తగ్గుతుందా?"

"ఆయ్, తగ్గుద్దండి."

ఆవిడ అదంతా కాగితం మీద రాసుకుంది. అచ్చిబాబు గోడకున్న క్యాలెండరు చదివాడు.

రెండు నెలలుగా సాయంత్రమయితే ఒళ్ళు వెచ్చబడుతోందనీ, పళ్ళు తోముకుంటే చిగుళ్ళ నుంచి రక్తం వస్తోందనీ వెంకటదుర్గే చెప్పింది. డాక్టరు కలం ఆపింది.

"గీకినకొద్దీ పెరిగే పుండ్లు కొన్నుంటాయండి. ఇక కత్తి తగలనివ్వద్దు. ముందు రక్తం చూద్దాం."

సాయంత్రానికి రిపోర్టు వచ్చింది. తెల్లకణాలు ఉండాల్సినదానికి ఎన్నో రెట్లున్నాయి.

"తుంటి ఎముకలోంచి మజ్జ తీసి చూడాలి. రక్తం తయారయ్యేది అక్కడే. జబ్బు అక్కడుంటే, ఆలస్యం చేస్తే ప్రాణానికే ముప్పు," అంది డాక్టరు.

"పుండు కాలికండీ. నా తుంటి బానే ఉంది. ఆయింటుమెంటు రాసియ్యండి, పోతాం."

అచ్చిబాబు లేచి, గుమ్మం బయట ఒక చెప్పు తొడుక్కున్నాడు. వెంకటదుర్గ కుర్చీలోంచి కదల్లేదు.

"ఎవరైనా ఆకు మీద మచ్చొచ్చిందని మొక్క తెస్తే మీరేం చేస్తారు?" అని అక్కణ్ణుంచే అడిగింది.

"కుండీ తిరగేసి వేళ్ళు చూస్తాను."

"మరి ఆవిడ మీ కుండీ తిరగేస్తానంటే ఏడుపెందుకు?"

తన మాటకు తనే ఎదురు చెప్పడం అచ్చిబాబుకు అలవాటు లేదు. ఆ ఒక్క చెప్పూ విప్పి లోపలికొచ్చాడు.

మజ్జ తీసిన వారం తర్వాత ఫలితం చెప్పారు. రక్తం కేన్సరు. పుండు దానికి గుర్తేనట.

"బతుకుతానాండీ?"

"మాట ఇవ్వలేనండి. కానీ ఇవాళే చేరి, నెలరోజులు ఇక్కడే ఉండి మందు తీసుకుంటే అవకాశం బానే ఉంది," అంది శ్రీసత్య. "ఇంటికెళ్ళి సామాను తెచ్చుకుంటారా?"

వెంకటదుర్గ కాళ్ళ దగ్గరున్న సంచీ తీసి బల్ల మీద పెట్టింది. రెండు లుంగీలు, దుప్పటి, స్టీలు గ్లాసు, పళ్ళపొడి. పొద్దున్నే సర్దేసింది.

అచ్చిబాబు సంచీలోకి తొంగి చూశాడు.

"ఇంకో లుంగీ పెట్టాల్సింది," అన్నాడు.