చూడలేకపోయానని చెప్పించిన అక్క

మొన్న బుధవారం పొద్దున్న పోపు వేస్తుంటే ఫోను మోగింది. అక్క పోయిందని, నిద్రలోనే పోయిందని వాళ్లాయన చెప్పారు. నాకు స్టవ్ ఆపడం కూడా తోచలేదు. పోపు మాడి ఇల్లంతా పొగ కమ్ముకున్నాక మా అత్తగారొచ్చి ఆపారు.

అక్క అంటే నా తోడబుట్టింది కాదు. కలకత్తా సాల్ట్ లేక్‌లో నా మొదటి ఉద్యోగంలో మా జట్టుకి పెద్ద. ఆఫీసంతా దీదీ అనేవారు, నేనొక్కదాన్నే అక్కా అని పిలిచేదాన్ని. బ్యాంకు ఆఫీసరుగారి కూతురు. కలకత్తాలోనే పెరిగింది కాబట్టి తెలుగు మాట్లాడ్డం వచ్చుగానీ చదవడం రాదు. నేనేమో రేవు పక్కనున్న వాట్‌గంజ్ పిల్లని. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచొచ్చి డాక్‌లో క్రేను కింద పనిచేసేవాడు. నేను "ఏటి" అన్నప్పుడల్లా తను నవ్వేది. తను తెలుగులో మొదలెట్టి బెంగాలీలో తేలితే నేను నవ్వేదాన్ని.

అక్కకో అలవాటుండేది. సాయంత్రం ఆఫీసు నుంచి బయల్దేరిన ఆడపిల్లలందరూ ఇల్లు చేరాక తనకో మిస్డ్ కాల్ ఇవ్వాలి. మరిచిపోయామో, పక్కింటివాళ్ల ఫోనుకి చేసి మరీ పిలిపించేది. ఓసారి మా అమ్మ కంగారుపడి, పిల్ల ఎప్పుడో వచ్చేసింది కదమ్మా, ఏమైనా అయితే చెప్పమా అంది. "చేరానని తను చెప్పాలి పిన్నీ. చెప్పకపోతే నా లెక్కలో చేరనట్టే" అంది అక్క. అమ్మకది చాదస్తంలా అనిపించింది. నిజం చెప్పొద్దూ, నాకూ అలాగే అనిపించింది.

మా పనేమిటో చెప్పాలి. రేవులో సరుకు దించే ఒక కంపెనీకి మేం సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లం. ఏ పెట్టె ఎంత బరువు, దాన్ని ఏ క్రేను ఎత్తగలదు అన్నది అది లెక్కగట్టి చెబుతుంది. మార్పులు చేసిన ప్రతిసారీ కొత్తది పంపేముందు ఒక స్క్రిప్టు నడిపేవాళ్లం. అది అన్ని పరీక్షలూ చేసి, చివర్న పంపొచ్చనో పంపొద్దనో తేలుస్తుంది. అందులో బరువు లెక్క పరీక్ష మాత్రం డాక్ దగ్గర ఆ కంపెనీ ఆఫీసులో ఉన్న కంప్యూటరు మీద జరిగేది.

మా కలకత్తాలో బంద్‌లకేం కొదవ! బంద్ అంటే బస్సులుండవని ముందురోజే నేను అక్క ఇంట్లో మకాం పెట్టేదాన్ని. అలాంటి ఒక బంద్ నాడు ఇద్దరం ఖాళీ రోడ్ల మీద నడుచుకుంటూ ఆఫీసుకెళ్లి స్క్రిప్టు నడిపాం. పంపొచ్చు అంది. నేను హమ్మయ్య అనుకున్నాను. అక్క మాత్రం తెరకేసి చూస్తూ, ఇంత తొందరగా ఎలా అయిపోయిందే అంది. డాక్ ఆఫీసుకి ఫోన్ చేసింది. ఎంత మోగినా ఎవరూ ఎత్తలేదు.

ఆ కంపెనీ మనిషి ఒకాయన ఇంటికి ఫోన్ చేస్తే తెలిసింది. బంద్ ముందురోజు అక్కడివాళ్లు మెయిన్ స్విచ్ దించేసి తాళం వేసుకుపోతారట. కంప్యూటరు ఆగిపోయింది కాబట్టి జవాబు లేదు. జవాబు లేదు కాబట్టి తప్పేమీ కనబడలేదు. తప్పు కనబడకపోతే పంపొచ్చని చెప్పేలా ఉంది మా స్క్రిప్టు. ఎన్ని బంద్‌ల నుంచి ఇలా జరుగుతోందో!

అన్నయ్యా అన్నట్టుగా మేం దాదా అని పిలిచే మేనేజరు ఇంటి నుంచి ఫోన్ చేసి, స్క్రిప్టు సరే అంది కదా, ఇంకా పంపరేం అన్నారు. అక్క గొంతు పెంచలేదు.

"అక్కడ మనుషులే లేరు దాదా. బాగుందని మనకెవరు చెప్పినట్టు?"

ఆయన చాలాసేపు మాట్లాడారు. కస్టమరు ఊరుకోడన్నారు. ఇలాగైతే ఈ ఏడాది ప్రమోషన్ మాట మరిచిపొమ్మని కూడా అన్నారు. అక్క అన్నీ విని, సరే దాదా అని పెట్టేసింది. కుర్చీ లాక్కొచ్చి నా పక్కన కూర్చుంది.

ఆ రోజంతా ఇద్దరం స్క్రిప్టు సరిచేశాం. బాగుంది, బాగోలేదు అన్నవాటికి తోడు మూడో మాట పెట్టించింది: చూడలేకపోయాను. ఆ మాట వచ్చినా పంపడం ఆగిపోవాలి. అలాగని మొదటి అడ్డంకి దగ్గరే చతికిలబడకూడదు, మిగతా పరీక్షలన్నీ చేసి చివర్న అంతా చెప్పాలి. నేను కనెక్షన్ విఫలం అని ఒక ముక్క రాస్తే ఒప్పుకోలేదు. రేపు నీ కుర్చీలో కూర్చునేవాళ్లకి దీంతో ఏం తెలుస్తుంది అంది. చివరికి, డాక్ ఆఫీసు కంప్యూటరు పలకలేదు, బరువు లెక్క చూడలేదు, ఫోన్ చేసి కరెంటుందో లేదో కనుక్కోండి అని రాయించింది.

మర్నాడు అక్కడ కరెంటు వచ్చింది. మళ్లీ నడిపితే బాగోలేదు అని వచ్చింది. రెండు చిన్న పెట్టెల్ని కలిపి ఎత్తేటప్పుడు కొత్త లెక్కలో ఒకదాని బరువే పడుతోంది. అంటే మోయలేని బరువుని క్రేను ఎత్తబోతుంది. దాని కింద మా నాన్న ఉంటాడు. అక్క మంచినీళ్లు తెచ్చిచ్చి, ఏడుపొస్తే ఏడువు, తర్వాత సరిచేద్దాం అంది.

సరిచేసి పంపాం. మేనేజరు ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. ఆ ఏడాది ప్రమోషన్ ఇంకొకరికి వచ్చింది. అక్క బాధపడలేదని చెబితే అబద్ధమే. రెండ్రోజులు సరిగా భోంచెయ్యలేదు. నాకైతే ఆ మేనేజరు మీద కోపం ఇవాళ్టికీ పోలేదు.

కొత్తది అక్కడ పెట్టిన రోజు, పద చూసొద్దాం అని అక్క నన్ను బయల్దేరదీసింది. కంపెనీవాళ్లు గేటు దగ్గర పాసులిప్పించి, గీత దాటొద్దని చెప్పి ఒక పక్కన నిలబెట్టారు. నాన్న మమ్మల్ని చూసి పరుగున వచ్చాడు. "ఏటమ్మా, ఇలాగొచ్చీసేరు?" అన్నాడు. ఊరికే వచ్చామంది అక్క. ఆయనకి ఏ సంగతీ చెప్పలేదు.

నాన్న వెళ్లి తన చోట నిలబడి చెయ్యెత్తాడు. జంట పెట్టెలు లేచాయి. అక్క నా మణికట్టు పట్టుకుంది. గాజులు గుచ్చుకునేంత గట్టిగా పట్టుకుంది. పెట్టెలు మెల్లగా పక్కకి జరిగి నేలకి ఆనాయి. నాన్న మెడలో తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. అక్క ఇంకా పైకే చూస్తోంది, నా చెయ్యి వదలకుండా.