సమ్మె రోజుల్లో సొరంగంలో

ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర స్కూటీ మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. నాచారంలో మేం అద్దెకుండే ఇంట్లో ముందుగదిలోనే నాకు మంచం వేశారు. టీవీ ఆ గదిలోనే ఉండేది. నాన్న పడక్కుర్చీ కూడా.

అప్పుడు తెలంగాణ కోసం సమ్మె నడుస్తోంది. బస్సుల్లేవు. నాన్న ఆఫీసుకు తాళం పడింది. గుంటూరు వైపు నుంచి ఉద్యోగం మీద వచ్చి స్థిరపడ్డ మనిషి ఆయన. పొద్దున్నే పేపరు పట్టుకుని కూర్చుంటే మధ్యాహ్నం దాకా నోరు విప్పేవారు కాదు.

ఆయన మౌనానికి ఇంకో కారణం కూడా ఉంది. మా అక్క ఉప్పల్‌లో తరతరాలుగా ఉన్న ఒక కుటుంబంలోని అబ్బాయిని ప్రేమించి పెళ్లి చేసుకుంది. అక్క వస్తే నాన్న పలకరించేవారు. బావ వస్తే పేపరు కాస్త పైకెత్తేవారు.

చర్లపల్లిలో బావ పనిచేసే ఫ్యాక్టరీ కూడా ఆ రోజుల్లో సరిగ్గా నడవడం లేదు. ఒక మధ్యాహ్నం ఉప్పల్ నుంచి నడిచొచ్చి, ఒక గోనెసంచిలోంచి పాత వీడియో గేమ్ పెట్టె తీసి టీవీకి తగిలించాడు.

"పిల్లా, ఊకె గోడలు జూస్కుంట పంటే పిచ్చి లేస్తది. గిది ఆడు."

డిస్కు పెడితే తెర నిండా జపాన్ అక్షరాలు. నలుగురు బొమ్మ మనుషులు చీకటి సొరంగంలోకి దిగుతారు, రాక్షసులతో కొట్లాడుతూ ఇంకా లోతుకు పోవాలి. అంతవరకే అర్థమైంది.

"బావా, ఇది చదవడమెట్లా?"

"సదువుడెందుకు? నొక్కి సూస్తె దెల్వదా?"

అలాగే నొక్కి చూశాం. నీలం సీసా తాగిస్తే గాయాలు మానాయి. ఎర్ర సీసా తాగించినవాడు రాయై నిలబడ్డాడు. వాణ్ని మామూలు మనిషిని చేయడానికి మాకు ఒక పూటంతా పట్టింది. దారి తప్పిపోకుండా నేను గళ్ల కాగితం మీద పటం గీసేదాన్ని. సొరంగం పైనున్న ఊళ్లోకి తిరిగొస్తేగాని అప్పటిదాకా ఆడింది భద్రం కాదు. లోపలుండగా కరెంటు పోతే చేసిందంతా పోయినట్టే. అలా పోయినప్పుడు బావ నవ్వి, అమ్మ ఇచ్చిన టీ తాగి, మళ్లీ మొదటి మెట్టు నుంచి దిగేవాడు.

కొన్నాళ్లకు గమనించాను. పెద్ద కొట్లాట వస్తే నాన్న పేపరు తిప్పడం ఆగిపోయేది. ఒకరోజు వంటింట్లో ఉన్న అమ్మను కేకేశారు.

"ఏమే, ఎడమ పక్క తలుపు తెరవలేదని నీ కూతురికి చెప్పు."

"ఏం తలుపండీ?" అంది అమ్మ, అట్లకాడతో పరుగెత్తుకొచ్చి.

ఆటలోని మా నలుగురు బొమ్మల్లో తెల్లబట్టల పిల్ల ఒకతి ఉండేది. మిగతావాళ్ల గాయాలు మాన్పేది ఆమే. ఎంతో లోతుకు దిగాక ఒకరోజు మిగతా ముగ్గురూ పడిపోయారు. ఆ పిల్ల ఒక్కతే మిగిలింది, అదీ కొన ఊపిరితో. ఎదురుగా పెద్ద ఇనుప తలుపు. ఇంత దూరం వచ్చాక తెరిచి చూద్దామనిపించి బావ బటన్ మీద వేలు పెట్టాడు.

"వద్దయ్యా! వెనక్కి రా. చచ్చిపోతుంది ఆ పిల్ల!"

నాన్న. పేపరు నేల మీద పడింది. అమ్మతో కాదు, నాతో కాదు, నేరుగా బావతోనే అన్నారు. బావ తల తిప్పకుండా మెల్లగా అన్నాడు.

"గట్లనే మామా. ఎన్కకే వస్తున్న."

నాన్న కుర్చీ ముందుకు లాక్కున్నారు. నేను పటం పట్టుకున్నాను. "ఇక్కడ కుడికి," అనేవారు నాన్న. "ఆఁ, కుడికే," అనేవాడు బావ. ఏదో అలికిడైతే ముగ్గురం బిగుసుకుపోయేవాళ్లం. చివరికి మెట్లెక్కి పిల్ల ఊళ్లోకి బయటపడింది. తెర మీద ఎండ కాసింది, సంగీతం మారింది. నాన్న కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"రోజూ ఉప్పల్ నుంచి నడిచొస్తున్నావు. భోంచేసి వెళ్లు," అన్నారు.

అందరం కంచాల ముందు కూర్చున్నాం. పప్పు కలుపుతూ నాన్నే అడిగారు.

"మీ రాష్ట్రం వస్తే మమ్మల్ని పొమ్మంటారా?"

బావ ముద్ద కంచంలోనే పెట్టాడు. "మీరెటు వోతరు మామా? మీ బిడ్డ ఈడనే ఉన్నది గద."

నాన్న పెరుగు గిన్నె అమ్మ వైపు జరిపారు. "అతనికి పెరుగు వెయ్యి," అన్నారు అమ్మతో.

సమ్మె ముగిసింది. నా కాలి కట్టు విప్పారు. ఆట మాత్రం ఆదివారాల్లో సాగింది, అక్క కూడా వచ్చి కూర్చునేది. ఆఖరి రాక్షసుడు కూలిన రోజు తెర నల్లబడి, కింది నుంచి పైకి ఆట తయారుచేసినవాళ్ల పేర్లు సాగిపోవడం మొదలైంది. ఒక్కటీ చదవడం రాదు. బావ ఆపేయబోతే నాన్న చెయ్యెత్తారు.

"ఉండనీయవయ్యా. ఎంతమంది కష్టపడ్డారో."

చివరి పేరు పోయేదాకా అందరం కదలకుండా కూర్చున్నాం.