తిమ్మక్క లెక్క, ఐదంగల చేను

నిన్న పొద్దున కడప నుంచి ఫోన్. తిమ్మక్క పోయిందన్నారు.

ఏ తిమ్మక్క అని నేనే మళ్ళీ అడిగాను. నాకున్నది ఒక్క తిమ్మక్కే.

మొన్న శుక్రవారం కూడా మాట్లాడింది. బీపీ మాత్ర వేసుకున్నావా అని నన్ను అడిగింది. తను వేసుకుందో లేదో నేను అడగలేదు. నిన్నటి నుంచి అదే గుబులు.

మనవరాలి ఫోన్‌లో రాస్తున్నాను. రెండో తరగతి చదువు నాది, తప్పులుంటే ఏమీ అనుకోవద్దు.

తిమ్మక్క మా చిన్నాయన కూతురు. నాకంటే ఐదేళ్ళు పెద్ద.

ఇంకా స్వాతంత్ర్యం రాలేదు. కోయిలకుంట్ల దగ్గర మా ఊళ్ళో మా నాయనా చిన్నాయనా చేను పంచుకుంటున్నారు.

బాట పక్క వెడల్పు ఎనభై అంగలు. వాగు పక్క నలభై. పొడవు అరవై.

చిన్నాయన పొడవును సగం చేసి, ముప్పై అంగల దగ్గర మేకు కొట్టాడు. బాట పక్కది తనకు, వాగు పక్కది మాకు. మా నాయన సరేనన్నాడు.

తిమ్మక్క ఒప్పుకోలేదు.

"పొడుగు సగమైంది నాయనా. వెడల్పు యాడ సగమైంది? పెదనాయనకు శానా తక్కువొస్తాది."

"ఏమ్మే, మీ నాయన మీదే తీర్పు చెప్తాండావా?" అని మా నాయన నవ్వాడు.

"తీర్పు కాదు పెదనాయనా, లెక్క."

రెండు చివర్ల వెడల్పులు కలిపి, సగం చేసి, పొడవుతో హెచ్చవేయాలంది. ఎందుకు కలపాలో ఎవరికీ అర్థం కాలేదు.

అప్పుడు చేను ఆకారంలోనే ఉన్న రెండు నాపరాయి ముక్కలు తెచ్చింది. ఒకదాన్ని తిప్పి రెండోదాని పక్కన ఆనించింది. అటు చివరా ఇటు చివరా వెడల్పు ఒకటే అయింది.

"దీంట్లో సగం మన చేను" అంది.

అందరూ తలూపారు. నేనూ ఊపాను. రాయినైతే తిప్పొచ్చు, చేనును ఎట్లా తిప్పుతారు? నిన్న మనవరాలు ట్రాపీజియం ఫార్ములా అని మళ్ళీ చెప్పింది. ఇప్పటికీ నాకు అదే అనుమానం.

మేకును ఒక్కో అంగ బాట వైపు జరుపుతూ, జరిపిన ప్రతిసారీ చేనులోని రెండు భాగాలకూ లెక్క కట్టింది. ఐదంగలకు దాదాపు సరిపోయింది. చిన్నాయన అక్కడే మేకు దిగ్గొట్టాడు.

ఆ మరుసటి వారం నుంచి తిమ్మక్కను బడికి పంపలేదు.

ఎదిగిన పిల్లకు చదువెందుకు అన్నారు. నిజంగా అందుకేనా, మేకు జరిపించినందుకా?

ఇన్నేళ్ళూ అడగాలనుకున్నాను. ఫోన్ చేసిన ప్రతిసారీ నోటిదాకా వచ్చేది. అవునంటే ఏం చెప్పాలో తెలియక, అన్నం తిన్నావా అని అడిగి పెట్టేసేదాన్ని.

కరువొచ్చిన ఏడాది ఆ ఐదంగల జొన్నలే మనల్ని నిలబెట్టాయని అమ్మ చెప్పేది. తిమ్మక్కకేమో టీచర్ కావాలని ఉండేది. ఈ రెండూ ఒకేసారి తలుచుకుంటే నాకేమీ పాలుపోవడం లేదు.

మేము తిన్నాం అక్కా. అది మాత్రం నాకు తెలుసు.

పోయి రా. ఆడ నీ చదువుకు ఎవరూ అడ్డం రాకూడదు. నిమ్మళంగా ఉండు.