రెండు దారులూ మా ఇంటికే

ఇప్పుడే మా వంటింట్లో మెట్రో రైలు ఆగింది. తలుపులు మూసుకునే ముందు పెట్టెలో మోగే ఆ సన్నని శబ్దం అచ్చంగా వినిపించింది. స్టేషనేమో ఉప్పల్‌లో, మా ఇల్లేమో నాచారంలో. నా మనవడు రిషి ఫ్రిజ్ తలుపు మూస్తూ గొంతుతో చేసే శబ్దమది. వాడికి మాటలు తక్కువ, ఆ కూత మాత్రం పక్కా. స్టేషన్‌లో వాడు కూత పెడితే రైలెక్కబోయే జనమంతా వెనక్కి దూకారని కాలనీలో చెబుతుంటాను. అంత లేదు. ఒక ముసలావిడ కాలు వెనక్కి తీసుకుంది. ఆ కూత విన్నప్పుడల్లా నాకు సుగుణ డాక్టరమ్మ గుర్తొస్తుంది.

ఉప్పల్‌లో మందుల దుకాణం మీది మేడలో ఉండేది ఆమె గది. కింద బస్సుల హారన్లు, పైన ఆమె గొంతు. ఏది పెద్దదో చెప్పడం కష్టం. మనిషి పొట్టి. కొప్పులో పువ్వు ఉండాల్సిన చోట పెన్సిల్ ఉండేది. మందులు రాసే డాక్టరు కాదు. తల్లిదండ్రుల నుంచి పిల్లలకు ఏమేం దిగుతాయో, పరీక్షలు ఎవరికి చేయాలో, వచ్చిన రిపోర్టుకు అర్థమేమిటో కుటుంబాలను కూర్చోబెట్టి చెప్పడం ఆమె పని. ఇప్పుడు ఆ గదిలో ఎవరో కళ్లజోళ్లు అమ్ముతున్నారు. ఆమె పని మానేసి సిద్దిపేట దగ్గరి సొంతూరికి వెళ్లిపోయింది.

రిషికి ఆటిజం అని పిల్లల డాక్టరు చెప్పిన నాడు మా ఇంట్లో ఎవరూ ఏడవలేదు. అంతకంటే పాడు పని చేశాం, పంచాయితీ పెట్టుకున్నాం. నా కోడలు స్వప్న పరాయి పిల్ల కాదు, మా అక్క కూతురు. మేనరికం. ఆమెకు నేను మేనమామనూ, మామనూ. నా భార్య యాదమ్మ మొదలుపెట్టింది: "కడుపుతోటి ఉన్నప్పుడు ఇంట్ల కూసోమంటె విన్నదా? రోజూ పోచారం దాక ఆఫీసుకు ఉరికింది. ఇంక ఆమె చిన్నాయిన సంగతి తెల్వదా? పెండ్లి పేరంటాలకు పోతె మూలకు నిలవడ్తడు, ఒక్కలతోటి మాట్లాడడు." అన్నోజిగూడ నుంచి అక్క ఫోన్‌లోనే అందుకుంది: "అబ్బో, మీ నాయినేం తక్కువ? దినమంత గోడకు మొకం బెట్టి కూసుంటుండె!" నేను మాత్రం మీసం దువ్వుకుంటూ, "మా వంశంల గిసుంటియి లేవు. మీ మీ సైడులల్ల సూస్కోండ్రి," అన్నాను. న్యాయమూర్తిలా అన్నానని ఇన్నాళ్లూ చెప్పుకున్నాను. నిజానికి ఎటు మాట్లాడినా తిట్లు పడతాయని మధ్యలో దాక్కున్నాను.

వారం తిరక్కముందే స్వప్న రిషిని తీసుకుని అన్నోజిగూడ వెళ్లిపోయింది. నా కొడుకు వెళ్లి బతిమాలినా రాలేదు. నేను వెళ్తే గుమ్మంలో నిలబడి ఒకే మాట అంది: "మామా, గిది నా వల్ల గాలేదని తెలిసినోళ్లు ఎవరన్న ఒక్కలు జెప్పాలె. అత్త అది ఇనాలె. గప్పుడొస్త." ఆమె వెనకాల రిషి గడపకు అటొక కాలు, ఇటొక కాలు వేసి నిలబడ్డాడు. వాడు ఆ రోజు కూత పెట్టలేదు.

అట్లా పిల్లల డాక్టరు రాసిచ్చిన చీటీ పట్టుకుని అందరం ఆ మేడ మెట్లు ఎక్కాం. యాదమ్మ ఒక కుర్చీ లాక్కుంది, అక్క దానికి దూరంగా ఇంకోటి. స్వప్న తల వంచుకుంది, మా వాడు ఆమె పక్కన నిలబడ్డాడు. రిషి నీళ్ల ఫిల్టర్ కింద పడుకుని, చుక్క ఎట్లా పడుతుందో చూస్తున్నాడు. డాక్టరమ్మ వాణ్ణి లేవమనలేదు. కొప్పులోంచి పెన్సిల్ తీసి పెద్ద కాగితం మీద బొమ్మ మొదలుపెట్టింది. మగవాళ్లకు గడి, ఆడవాళ్లకు సున్నా.

"ఏం పని జేస్తుంటిరి పెద్దాయనా?" అని అడిగింది నన్ను.

"నాచారంల నూలు రంగుల ఫ్యాక్టరీ మొత్తం నా చేతి మీదనే నడిచింది," అన్నాను. యాదమ్మ దగ్గింది. "అంటే... తొట్టిల రంగు కలుపుతుంటి," అన్నాను.

డాక్టరమ్మ కళ్లు మెరిశాయి. "అయితే చెప్పుండ్రి. కాఫీ రంగు ఎట్ల చేస్తరు?"

"ఎరుపు, పసుపు, నీలం. పాళ్లు సూసి కలుపుతం."

"మరి అందుల కాఫీ రంగు తెచ్చింది ఏది? ఎరుపా, నీలమా?"

ఒక వేలు చూపించాను, రెండోది చూపించాను, చివరికి మూడూ చూపించాను.

"మనుషులందరిల చిన్న చిన్న తేడాలుంటయి," అంది ఆమె యాదమ్మ వైపు తిరిగి. "ఆటిజంల చానామందికి గసుంటియి ఎన్నో కలిసి పనిజేస్తయి. అన్ని వైపుల నుంచి ఇన్ని ఇన్ని వస్తయి. ఇంకొన్నిసార్లు అమ్మల, నాయినల ఎవరిల లేని మార్పు బిడ్డల కొత్తగ పుడ్తది. తల్లి ఆఫీసుకు పోయినందుకు వచ్చేది గాదు. పెంపకం తప్పు అసలే గాదు. కాని పెద్దాయనా, రంగులైతే మీరు తూచి పోస్తరు. గీడ ఎవరిది ఎంతనో తూచుడు మాకింక రాదు. వచ్చినట్టు నటించ."

యాదమ్మ ఊరుకోలేదు. "గదంత సరే మేడం, ఎక్కువ ఏ సైడో గదన్న జెప్పుండ్రి." అక్క కూడా కుర్చీ ముందుకు లాగింది. ఆ ఒక్క ప్రశ్న దగ్గర ఇద్దరికీ పొత్తు కుదిరింది.

డాక్టరమ్మ కాగితాన్ని మా వైపు తిప్పింది. రిషి నుంచి మా వాడి మీదుగా ఒక గీత పైకి, స్వప్న మీదుగా ఇంకో గీత పైకి. మా వాడి గీత నా మీదుగా మా అమ్మానాన్నల దగ్గరికి చేరింది. స్వప్న గీత మా అక్క మీదుగా తిరిగి తిరిగి అక్కడికే వచ్చి కూర్చుంది.

పెన్సిల్‌తో యాదమ్మను చూపించింది. "ఈమె పుట్టిల్లు ఒక్కసారే ఉన్నది. ఈయన అక్క అత్తగారిల్లు ఒక్కసారే ఉన్నది. మీసం దువ్వుకునే ఈ పెద్దాయన ఇల్లు రెండుసార్లు ఉన్నది. ఇంక కొట్లాడాలంటే ఇద్దరు కలిసి ఈయనతోటి కొట్లాడుండ్రి."

ముందు అక్క నవ్వింది. తర్వాత యాదమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "వంశంల లేవంటివి గదరా తమ్మీ!" అంది అక్క. "మీసం దించుండ్రి జర," అంది యాదమ్మ. వాళ్లిద్దరూ ఒక మాట మీద ఉండగా చూసి ఎన్నాళ్లయిందో.

నాకు మాత్రం నవ్వు రాలేదు. "అంటే మేనరికం జేసి నేనే పిలగాన్ని..." అన్నాను.

ఆమె గొంతు తగ్గించింది. "మేనరికంతోటి కొన్ని జబ్బులకు అపాయం పెరుగుతది, అబద్ధం జెప్ప. ముందు ముందు మీ ఇండ్లల్ల పెండ్లి మాటలు నడిస్తే ముందుగాల నా అసుంటోళ్లను అడుగుండ్రి. ఈ బాబు సంగతి టెస్టు చేసినంక మాట్లాడుదం."

వాడికి పరీక్ష చేశారు. ఒక మార్పు కనబడింది, దాని అర్థం ఇంకా ఎవరికీ తెలియదన్నారు. అది తండ్రిలో ఉందని తేలింది. తండ్రికి ఎక్కడిదో చూడాలని నా రక్తం అడిగారు. కడవెడు తీశారని చెప్పుకున్నాను. చిన్న గొట్టం నిండలేదు, నేను కళ్లు మాత్రం గట్టిగా మూసుకున్నాను.

మళ్లీ ఆ మెట్లెక్కిన రోజున డాక్టరమ్మ నన్ను చూసి నవ్వింది. "ఆ మార్పు మీల కూడా ఉన్నది పెద్దాయనా."

"నాలనా? నాకు మాటలు రాకపోవుడేంది మేడం?"

"అదే నేననేది. మీరు నోరు మూసింది నేనింకా సూడలే. మీల ఉండి కూడా ఊకున్నదంటే, అదొక్కటే అంత పని జేసిందనలేం. బాబుల ఇంక వేరేవాటితోటి కలిసిందేమో, దీనికి సంబంధమే లేదేమో. మేనరికమే కారణమని చెప్పేది కూడా మాకేం కనవడలే. ఇయ్యాల తెలిసింది గింతే." చెప్పి, స్వప్న వైపు తిరిగింది. "తప్పు ఎవరిదని ఎతకాలంటే, ముందు తప్పు జరగాలె గద బిడ్డా. ఈడ జరిగింది పిలగాడు పుట్టుడు. వానికి మాట నేర్పే పని మస్తున్నది. రేపటి సంది అది సూసుకుందాం."

స్వప్న అప్పుడు ఏడ్చింది. మెట్ల దగ్గర యాదమ్మ కాసేపు చెప్పులు వెతుక్కుంది. అవి కాళ్లకే ఉన్నాయి. తర్వాత కోడలి చేతిలోని సంచీ లాక్కుని అంది: "తప్పు మాట్లాడిన బిడ్డా. ఇంటికి పోదాం పా. పప్పు నానబోసి వచ్చిన." సంచీ తిరిగి అడగకుండా స్వప్న వెంట నడిచింది.

నాచారం చేరేసరికి రిషి అందరికంటే ముందు లోపలికి దూరి, తలుపు పట్టుకుని నిలబడ్డాడు. తల్లి వచ్చింది, తండ్రి వచ్చాడు, నాయనమ్మ వచ్చింది. ఆటోవాడితో కబుర్లేసుకుని నేను ఆఖరున వచ్చాను. వాడు నన్ను చూశాడు, బయట ఇంకెవరూ లేరని చూశాడు. అప్పుడు తలుపు వేస్తూ కూత పెట్టాడు. నా గుండెల మీది బరువు దిగిన శబ్దం ఏమిటని అడిగితే, అదే.

సుగుణమ్మ ఊరికి పోతూ పోతూ నాకిచ్చింది ఏ మందూ కాదు. తెలిసినంతే చెప్పడం, తెలియని చోట ఆగడం. మొదటిది నాకు కష్టం, రెండోది ఇంకా కష్టం. అయినా ఒక్కచోట ఆమె శిష్యుణ్నే. ఇప్పటికీ పెళ్లిళ్లలో ఎవరో ఒకరు రిషిని చూసి, స్వప్న వినేలాగే, "ఏ సైడు నుంచి వచ్చింది?" అని అడుగుతారు. నేను వెంటనే లేచి మీసం దువ్వి, "మా సైడే! పది దారులల్ల వచ్చింది!" అంటాను.

పది కాదు. రెండే.